గాల్వెస్టన్ క్రూజ్: పాస్‌పోర్ట్ లేకుండా మా పాప వెళ్ళి వచ్చిన అయిదు రోజులు

2025 జూన్‌లో మేం ఆరుగురం టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవులో షిప్ ఎక్కాం. ఆరుగురి చేతుల్లో నాలుగు రకాల కాగితాలు. తెనాలి నుంచి వచ్చిన అత్తయ్య గారు, మామయ్య గారి దగ్గర ఇండియన్ పాస్‌పోర్టులు, వాటిలో విజిటర్ వీసాలు. మా వారిది ఉద్యోగం మీద వచ్చే హెచ్-1బి వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్-4. మా ఇద్దరికీ ఇండియన్ పాస్‌పోర్టులతో పాటు, ఇక్కడ ఉండటానికి అనుమతి మంజూరైందని చెప్పే ఐ-797 కాగితాలు కూడా ఉన్నాయి. ఇక్కడే పుట్టిన మా బాబుకి అమెరికా పాస్‌పోర్ట్. అయిదేళ్ళ మా పాప దగ్గర మాత్రం జనన ధృవీకరణ పత్రం ఒక్కటే.

పాప పాస్‌పోర్ట్ గడువు మార్చిలోనే అయిపోయింది. పదహారేళ్ళ లోపు పిల్లలకి అమెరికా పాస్‌పోర్ట్ అయిదేళ్ళకే ఇస్తారు. దాన్ని పెద్దవాళ్ళకి చేసినట్టు పోస్టులో పంపి రెన్యూ చేయించడం కుదరదు. పాపని వెంటబెట్టుకుని తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్ళాలి. ఒకరు రాలేకపోతే నోటరీ చేయించిన అంగీకార పత్రం పంపాలి, దాని పేరు డీఎస్-3053. అప్పుడు మా వారు ప్రాజెక్టు పని మీద వారాల తరబడి షికాగోలో ఉన్నారు. పోస్టాఫీసులో మాకు కుదిరే రోజున అపాయింట్‌మెంట్ దొరకలేదు. ఈలోగా తెలిసినవాళ్ళు ఒకరు చెప్పారు: "క్రూజ్‌కి పిల్లలకి పాస్‌పోర్ట్ అక్కర్లేదండీ, బర్త్ సర్టిఫికెట్ చాలు." విచారిస్తే ఆ మాట నిజమేనని తేలింది. దాంతో పాస్‌పోర్ట్ పని వాయిదా వేశాం. అలా చేసి ఉండకూడదని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. ఇదంతా రాస్తున్నది కూడా అందుకే.

ముందు నియమం సంగతి. అమెరికాలో ఒక రేవులో బయలుదేరి, మెక్సికో, కరీబియన్ దీవులు లాంటి దగ్గరి చోట్లు చూసి, మళ్ళీ అదే రేవుకి వచ్చే ప్రయాణాన్ని క్లోజ్‌డ్ లూప్ క్రూజ్ అంటారు. 2009 జూన్ 1 నుంచి భూమార్గంలో, సముద్రమార్గంలో తిరిగొచ్చే అమెరికా పౌరులకి కూడా పాస్‌పోర్ట్ లాంటి పత్రం ఉండాలన్నారు గానీ, ఈ క్లోజ్‌డ్ లూప్ క్రూజ్‌లకి మినహాయింపు ఇచ్చారు. పెద్దవాళ్ళయితే ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు, జనన ధృవీకరణ పత్రం చూపిస్తే సరిపోతుంది. పదహారేళ్ళ లోపు పిల్లలకి జనన పత్రం ఒక్కటే చాలు. అయితే ఈ సౌకర్యం అమెరికా పౌరులకి మాత్రమే. మనలాంటి వీసాల వాళ్ళకి పాస్‌పోర్ట్, చెల్లే వీసా లేకుండా మామూలుగా ఓడ మెట్టు కూడా ఎక్కనివ్వరు. పైగా ఈ మినహాయింపు అమెరికాలోకి తిరిగి రావడానికే. ఓడ ఆగే దేశం తన నియమం తాను పెట్టుకోవచ్చు. మార్టినీక్ లాంటి దీవి దారిలో ఉంటే అందరికీ పాస్‌పోర్ట్ అడుగుతారు.

"మేం ఎక్కడా దిగం, షిప్‌లోనే ఉంటాం, మాకెందుకు?" అనేవాళ్ళూ ఉన్నారు. ఈ పెద్ద ఓడలన్నీ దాదాపు విదేశీ జెండాతో తిరిగేవే. అలాంటి ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళని మళ్ళీ అమెరికా రేవులో దింపాలంటే మధ్యలో ఏదో ఒక విదేశీ రేవుకి వెళ్ళి రావాలి. 1886లో చేసిన చట్టం అది. అందుకే గాల్వెస్టన్ నుంచి నాలుగు రోజుల ప్రయాణమైనా మెక్సికోకి వెళ్ళి వస్తుంది. మీరు క్యాబిన్ దాటకపోయినా కాగితాల లెక్కలో విదేశం వెళ్ళినట్టే.

హాస్పిటల్‌లో పాప పాదాల ముద్రలు వేసి ఇచ్చిన అందమైన సర్టిఫికెట్ మా దగ్గర ఫ్రేమ్ కట్టించి ఉంది. అది పనికిరాదు. రిజిస్ట్రార్ ఆఫీసు ముద్ర వేసి ఇచ్చిన పత్రమే చెల్లుతుంది. మేం ఇంకో కాపీ కూడా తీసుకుని రెండు బ్యాగుల్లో చెరొకటి పెట్టాం.

అసలు తలనొప్పి మామయ్య గారి పేరుతో వచ్చింది. ఆయన పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరు ఒకే వరసలో ఉంటుంది. మన పెద్దవాళ్ళలో చాలామందికి ఇంతే. అమెరికా వీసాలో ఆ పేరునంతా ఇంటిపేరు స్థానంలో వేసి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని వేస్తారు. ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో రెండు గడులూ నింపితే గానీ ముందుకు కదలదు. ఫోన్ చేస్తే ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా చెప్పారు. చివరికి వీసాలో ఎలా ఉందో అలాగే టికెట్‌లో మార్పించాం. మీ ఇంట్లో ఇలాంటి పాస్‌పోర్ట్ ఉంటే బుక్ చేసిన రోజే ఇది తేల్చుకోండి. చివరి వారంలో తేల్చుకుందామనుకుంటే కష్టం.

డాలస్ పక్కనున్న మా ఇర్వింగ్ నుంచి గాల్వెస్టన్ దాదాపు 300 మైళ్ళు. డాలస్‌లో ఐ-45 హైవే పట్టుకుంటే ఆ రోడ్డు తిన్నగా అక్కడే ఆగుతుంది. ఆదివారం పొద్దున్నే బయలుదేరి మ్యాడిసన్‌విల్‌లో బకీస్ పెట్రోలు బంకు దగ్గర ఆగాం, పియర్‌ల్యాండ్ మీనాక్షి అమ్మవారి గుడిలో దర్శనం చేసుకున్నాం, సాయంత్రానికి గాల్వెస్టన్ చేరాం. షిప్ ఎక్కే రోజే ఇంటి నుంచి బయలుదేరడం నాకు ఇష్టం లేదు. హ్యూస్టన్ ట్రాఫిక్‌లో ఒక్క యాక్సిడెంట్ అయినా ఓడ మన కోసం ఆగదు. సీవాల్ రోడ్డు మీద హోటల్ తీసుకున్నాం. గది మామూలుగా ఉంది, ధర సముద్రం ఎదురుగా ఉన్నందుకు. కానీ తెల్లవారుజామున మామయ్య గారు ఆ గోడ మీద నడిచిన నడకకి ఆ డబ్బు ఇచ్చేయొచ్చు. 1900లో వచ్చిన తుఫాను ఈ దీవిలో వేలమందిని పొట్టన పెట్టుకున్న తర్వాత కట్టిన గోడ అది. ఆ సంగతి చెప్పగానే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత సాయం చేయడానికి వెళ్ళిన కుర్రాళ్ళలో ఆయనా ఒకరు. "మనకి ఇలాంటి గోడ ఉంటే ఎంతమంది బతికేవాళ్ళో" అన్నారు.

ఎక్కే రోజు ఒక్క జాగ్రత్త. రేవు దగ్గర కారు దిగగానే పోర్టర్లు పెద్ద పెట్టెలు తీసుకుంటారు, అవి సాయంత్రానికి గాని క్యాబిన్‌కి రావు. పాస్‌పోర్టులు ఆ పెట్టెల్లో ఉండకూడదు. మా ముందున్న ఒక కుటుంబం పోర్టర్‌కి ఇచ్చేసిన పెట్టె కోసం వెనక్కి పరుగెత్తారు. మా వంతు వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర ఇరవై నిమిషాలు పట్టింది. పాప జనన పత్రం చూడటానికి అరనిమిషం, మిగిలినదంతా మా వీసాలకి.

క్యాబిన్ల సంగతి. పెద్దవాళ్ళకి బాల్కనీ ఉన్నది, మా నలుగురికీ కిటికీ లేని లోపలి గది తీసుకున్నాం. బాల్కనీకి పెట్టిన ప్రతి డాలరూ సార్థకమే. అత్తయ్య గారు ఉదయం అక్కడే కూర్చుని విష్ణుసహస్రనామం చదువుకునేవారు. లోపలి గదిలో నలుగురంటే మాత్రం ఇరుకు. లైటు తీస్తే పగలో రాత్రో తెలియదు. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయితే రెండు గదులు తీసుకోవడమే నయం. లిఫ్ట్‌కి దగ్గర్లో అడగండి. ఓడ పొడవు ఎంతో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకే తెలుస్తుంది.

మేం మాంసం తినం. మొదటి రాత్రి భోజనాల హాల్లో హెడ్ వెయిటర్‌తో చెప్పాం. రెండో రాత్రి నుంచి పప్పు, చపాతీ, ఒక కూర విడిగా వండి తెచ్చారు. వండింది ఇండియన్ వంటవాడేనని రుచిలో తెలిసింది. పొద్దున టిఫిన్ మాత్రం ఓట్స్, పళ్ళు, బ్రెడ్ దగ్గరే ఆగింది. పెరుగు దొరుకుతుంది. ఇంట్లో వండిన పదార్థాలు, రైస్ కుక్కర్ తేనివ్వరు. విప్పని ప్యాకెట్లు తేవచ్చు కాబట్టి మేం కొన్న కారప్పొడి, జంతికలు పెట్టుకున్నాం. వైఫై ధర ఎక్కువ, వేగం తక్కువ. మేం ఒక్క ఫోన్‌కే తీసుకున్నాం.

మూడో రోజు మెక్సికోలోని ప్రోగ్రెసో రేవు. సముద్రంలోకి ఆరున్నర కిలోమీటర్ల పొడవు వంతెన కట్టి దాని చివర ఓడల్ని ఆపుతారు. అక్కడి నుంచి ఊళ్ళోకి బస్సు ఉచితం. మేం షిప్ వాళ్ళ టూర్‌లోనే మెరిడా నగరానికి వెళ్ళాం. 1598లో పూర్తయిన పెద్ద చర్చి, చెట్ల నీడలో పసెయో మోంటెహో వీధి చూశాం. ఎండ మన గుంటూరు జిల్లా ఎండే. టూర్ షిప్ వాళ్ళది కాబట్టి బస్సు ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. బయట మాట్లాడుకున్న టాక్సీ ఆలస్యమైతే ఆగదు. దూరం వెళ్ళేటప్పుడు ఆ తేడాకి కాస్త ఎక్కువ ఇవ్వడం మంచిదే.

అక్కడే గడియారం గురించి నేర్చుకున్నాం. మా ఓడ మొత్తం ప్రయాణం గాల్వెస్టన్ టైమే పాటించింది. మెక్సికో 2022లో వేసవి టైము మార్చడం మానేసింది కాబట్టి జూన్‌లో ప్రోగ్రెసో టైము టెక్సాస్ కన్నా గంట వెనక ఉంటుంది. ఒడ్డు దిగగానే మా ఫోన్లు వాటంతటవే గంట వెనక్కి వెళ్ళాయి. ఫోన్ మూడున్నర చూపిస్తుంటే ఓడలో నాలుగున్నర అన్నమాట. ఆ టైము నమ్మినవాళ్ళు రేవులో నిలబడి వెళ్ళిపోతున్న ఓడని చూడాల్సి వస్తుంది. మామయ్య గారి పాత హెచ్ఎంటీ వాచీ మాత్రం మారలేదు. ఆ రోజంతా ఆ వాచీ చూసే నడిచాం.

నాలుగో రోజు మెక్సికోదే అయిన కొజుమెల్ దీవి. నీళ్ళు అంత నీలంగా ఉంటాయని నేను అనుకోలేదు. ఇక్కడ దూరం వెళ్ళక్కర్లేదు కాబట్టి సొంతంగా ఒక బీచ్ క్లబ్‌కి టికెట్ తీసుకున్నాం. అద్దం అడుగున్న పడవలో చేపలు చూసి పిల్లలు కేకలు పెట్టారు. మధ్యాహ్నం ఒంటి గంటకి, తడి మెట్ల మీద అత్తయ్య గారి కాలు జారింది. కుడి చెయ్యి కింద పెట్టి పడ్డారు. పది నిమిషాల్లో మణికట్టు వాచిపోయింది.

టాక్సీలో ఓడకి తెచ్చాం. షిప్ మెడికల్ సెంటర్‌లో డాక్టర్ చూసి ఎక్స్‌రే తీయాలన్నారు. ఎముక విరిగి పక్కకి జరిగి ఉంటే ఓడలో ఏమీ చేయలేమని, దీవిలోని ఆసుపత్రిలో దిగిపోవడమే మంచిదని నెమ్మదిగా చెప్పారు. ఓడ కదిలేది నాలుగున్నరకి. అప్పటికి రెండు దాటింది.

ఎక్స్‌రే గది బయట మా వారూ నేనూ నిలబడి లెక్క వేసుకున్నాం. అత్తయ్య గారు దిగితే మామయ్య గారు ఆగరు. వాళ్ళిద్దరికీ ఇంగ్లిష్‌లో ఆసుపత్రి మాటలు రావు, ఆడవాళ్ళ అవసరాలకి తోడు నేనే ఉండాలి. మా ముగ్గురి దగ్గరా పాస్‌పోర్టులు, వీసాలు ఉన్నాయి. చికిత్స అయ్యాక కొజుమెల్ నుంచి హ్యూస్టన్‌కి నేరుగా విమానం ఎక్కొచ్చు. బాబు నాతో వచ్చినా ఇబ్బంది లేదు. పాప మాత్రం రాకూడదు. జనన పత్రంతో ఓడలో తిరిగి రావచ్చు గానీ అంతర్జాతీయ విమానం ఎక్కడానికి అది కుదరదు. పాపని దింపితే ముందు తనకి అత్యవసర పాస్‌పోర్ట్ తేవాలి. కొజుమెల్‌లో అమెరికా కాన్సులేట్ లేదు. ఫెర్రీ ఎక్కి ప్లాయా డెల్ కార్మెన్‌లోని కాన్సులర్ ఏజెన్సీకి వెళ్ళాలి, లేదా మెరిడా కాన్సులేట్‌కి. చెయ్యి విరిగిన అత్తగారిని ఆసుపత్రిలో పెట్టి, అయిదేళ్ళ పిల్లతో ఆ తిరుగుడు నేను ఎలా తిరగను? వారాంతం వస్తే ఆ ఆఫీసులు కూడా మూసేస్తారు.

చివరికి ఇలా అనుకున్నాం: పెద్దవాళ్ళిద్దరితో నేను దిగాలి, పిల్లలిద్దరితో ఆయన ఓడలో ఉండాలి. అప్పటివరకు ఒక్క రాత్రి కూడా నన్ను వదిలి పడుకోని పిల్ల నా చెయ్యి పట్టుకుని "నేనూ నానమ్మతో వస్తా" అంటోంది. క్యాబిన్‌కి వెళ్ళి లాకర్‌లోంచి మూడు పాస్‌పోర్టులు తీస్తుంటే చేతులు వణికాయి. పిల్లల కవర్లో బాబు పాస్‌పోర్ట్ ఒక్కటే ఉంది, పాపది లేదు. పాప పాస్‌పోర్ట్‌కి కట్టాల్సింది 100 డాలర్ల ఫీజు, 35 డాలర్ల దరఖాస్తు రుసుము. తొందరగా కావాలంటే ఇంకో 60. ఆ పని నేను మేలో చేసి ఉంటే మేం అందరం కలిసి దిగేవాళ్ళం.

మూడుంపావుకి డాక్టర్ బయటకి వచ్చారు. చిన్న పగులు ఉంది, ఎముక జరగలేదు, కట్టు కట్టి నొప్పి తగ్గే మందులిస్తాను, ఓడలోనే వెళ్ళొచ్చు అన్నారు. అత్తయ్య గారు "నా వల్ల మీ అందరికీ ఇబ్బంది అయిందమ్మా" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ బిల్లు గది ఖాతాలో వేశారు, అక్కడికక్కడే కట్టాలి. అమెరికా ఇన్సూరెన్స్ ఓడలో నేరుగా పనిచేయదు. పెద్దవాళ్ళకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్‌కి ఇంటికి వచ్చాక రసీదులు పంపాం, రెండు నెలలకి చాలావరకు తిరిగి వచ్చింది. పాలసీ తీసుకునేటప్పుడే అమెరికా బయట కూడా వర్తిస్తుందా అని అడగండి. కొన్ని వర్తించవు. మెడికల్ సెంటర్ నర్సు మాత్రం ఆ రాత్రి రెండుసార్లు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగింది. ఆమె మంచితనం మర్చిపోలేను.

పాస్‌పోర్ట్ కార్డ్ గురించి కూడా చెప్పాలి, చాలామంది దాన్ని పాస్‌పోర్టే అనుకుంటున్నారు. పిల్లలకి 15 డాలర్లు, దరఖాస్తు రుసుము 35 అదనం. మెక్సికో, కెనడా, బెర్ముడా, కరీబియన్ నుంచి నేల మీదుగా, సముద్రం మీదుగా తిరిగి రావడానికి పనికొస్తుంది. విదేశం నుంచి విమానానికి పనికిరాదు. ఆ రోజు పాప దగ్గర కార్డ్ ఉన్నా మా లెక్క మారేది కాదు. పాస్‌పోర్ట్ పుస్తకమే తీసుకోండి. ఎలాగూ మన పిల్లలు ఇండియా వెళ్ళాలంటే అదే కావాలి, తాతయ్యకో అమ్మమ్మకో బాగోలేదని కబురొస్తే అప్పటికప్పుడు చేయించలేం.

వీసాల మీద ఉన్నవాళ్ళకి రెండు మాటలు. మా స్నేహితుల కుటుంబం బహామాస్ క్రూజ్ బుక్ చేసి తర్వాత రద్దు చేసుకుంది. వాళ్ళ హెచ్-1బి ఐ-797 చెల్లుతోంది గానీ పాస్‌పోర్ట్‌లో స్టాంపింగ్, అంటే అంటించిన వీసా, గడువు అయిపోయింది. గడువు దాటిన స్టాంపింగ్‌తో తిరిగి రానిచ్చే వెసులుబాటు ఒకటి ఉంది. హెచ్ వీసాల వాళ్ళకి అది కెనడా, మెక్సికోలకి మాత్రమే, అదీ 30 రోజుల లోపు. దీవులకి అది ఎఫ్, జె వీసాల వాళ్ళకే, అందులోనూ క్యూబాకి వర్తించదు. మెక్సికో అయినా సరే తొందరపడకండి. ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళకి మెక్సికో విడిగా వీసా అడగకపోవడానికి కారణమే చెల్లే అమెరికా వీసా ఉండటం. స్టాంపింగ్ పోతే ఆ సదుపాయమూ పోతుంది. రెండోది, తిరిగి వచ్చిన రోజే ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, తీసి చూసుకోండి. మన పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడి ఉంటే, ఐ-797లో ఇంకా ఏళ్ళున్నా ఐ-94 పాస్‌పోర్ట్ తేదీ దాకే ఇచ్చేస్తారు. చాలామంది అది చూసుకోక తర్వాత లాయర్ల చుట్టూ తిరుగుతున్నారు. మా ఆరుగురిలో నలుగురివి అదే సాయంత్రం చూశాను, తేదీలు సరిగ్గానే ఉన్నాయి.

ఒడ్డు మీద తిరిగేటప్పుడు పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోవాలా, లాకర్‌లో పెట్టాలా అని అడుగుతుంటారు. నేను లాకర్‌లోనే పెట్టి, ఫొటోలు ఫోన్‌లో, ఒక జిరాక్స్ కాపీ సంచిలో ఉంచుకుంటాను. ఇసుకలో, నీళ్ళలో పిల్లలతో ఉన్నప్పుడు అసలుది పోగొట్టుకునే ప్రమాదం ఎక్కువ. మెరిడా లాగా రేవుకి దూరం వెళ్ళే రోజు మాత్రం వెంట తీసుకెళ్ళడమే మేలు.

శనివారం ఉదయం గాల్వెస్టన్‌లో దిగాం. ఇమిగ్రేషన్ ఆఫీసర్ పాప పత్రం చూసి, పేరు అడిగి, చెయ్యి ఊపి పంపేశారు. ఏ ఇబ్బందీ లేదు.

ఇంటికి వచ్చిన రెండో వారంలో మా వారు సెలవు పెట్టారు. ముగ్గురం పోస్టాఫీసుకి వెళ్ళాం. పాత పాస్‌పోర్ట్, జనన పత్రం అక్కడ తీసుకున్నారు. చెయ్యికి కట్టుతోనే అత్తయ్య గారు కూడా కారులో వచ్చి కూర్చున్నారు, పాప ఫొటోకి జడ తనే వేస్తానని ఒంటి చేత్తో ప్రయత్నించారు. మూడు వారాల తర్వాత పాస్‌పోర్ట్ ఒక కవర్లో, కొన్నాళ్ళకి జనన పత్రం ఇంకో కవర్లో వచ్చాయి. కొత్త గడువు 2030. దానికి తొమ్మిది నెలల ముందు తేదీ, బాబుది 2027లో, రెండూ క్యాలెండర్‌లో రాసి పెట్టాను.